పాట చిన్నదైన కథ

పది పదిహేనేండ్ల క్రిందట మన ఊళ్ల బజార్లలో ఒక కొత్త వృత్తి వెలసినది. సెల్‌ఫోన్లు అమ్మే చిన్న అంగళ్లలో ఒక కంప్యూటరు పెట్టుకొని, వచ్చినవారి మెమరీకార్డులలోనికి కొద్ది రూపాయలకు పాటలు ఎక్కించి ఇచ్చే వృత్తి అది. మదనపల్లెకు టమోటాలు తోలుకొని వచ్చిన రైతు, పుంగనూరు నుండి పాలక్యాన్లు మోసుకొనిపోయే యువకుడు, కుప్పం స్టేషనులో బెంగుళూరు బండికోసం నిలుచున్న కూలివాడు, ఇట్టివారందరి జేబులలోను గోరంత నల్లని బిళ్ల ఒకటి ఉండేది. అందులో వందలకొలది పాటలు. ఆ పాటలు అందులో ఎట్లా పట్టినవని అడిగినవారు తక్కువ. అంగడివాడు ‘సైజు తగ్గించినాను’ అనేవాడు. విన్నవాడు తల ఊపి వెళ్లిపోయేవాడు.

తగ్గించినది ఎంత? తీసివేసినది ఏమిటి? అది తిరిగి వస్తుందా? ఈ ప్రశ్నలు కంప్యూటరుతో పుట్టినవి కావు. పాటను ఒక చోటినుండి మరొక చోటికి మోసుకొనిపోవలసి వచ్చినప్పుడల్లా మనుష్యులు దానిని చిన్నది చేయక తప్పలేదు. ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం ఈ మూడు ఊళ్లలో మొదటిదైన మదనపల్లెలోనే జరిగినది కనుక అక్కడినుండి ప్రారంభించుట మాకు ఉచితమని తోచినది.

1919వ సంవత్సరం ఫిబ్రవరి చివరి దినాలలో రవీంద్రనాథ ఠాకూరు దక్షిణదేశ పర్యటనలో భాగంగా మదనపల్లెకు వచ్చినారు. అనీబిసెంటు 1915లో స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాల అప్పటికింకా పసిబిడ్డ. దాని అధ్యక్షుడు జేమ్స్ కజిన్స్ అనే ఐర్లండు దేశపు కవి. ఆయన సతీమణి మార్గరెట్ కజిన్స్ డబ్లిన్‌లో చదివి 1902లో సంగీతంలో పట్టం పొందిన విదుషి. 1917లో భారత మహిళాసంఘాన్ని స్థాపించినవారిలో ఈమె ఒకరు. కవి ఆ కొండలనడుమ విశ్రాంతికోసం వచ్చినారు. కాని కవులకు విశ్రాంతి అంటే పనిలేకుండుట కాదు గదా!

ఒక సాయంకాలం కళాశాలవారు పాటలు పాడుకొనుటకు కూడినప్పుడు ఠాకూరు తామే ఒక పాట పాడుదునన్నారు. ఆయన పాడినది ‘జనగణమన’. రెండవ మూడవ చరణాలకు వచ్చేసరికి పిల్లలందరూ పల్లవిలో గొంతు కలిపినారట. ఈ ఉదంతాన్ని కజిన్స్ దంపతులు 1950లో ప్రకటించిన తమ ఉమ్మడి ఆత్మకథలో చెప్పినారు. తరువాత కవి ఆ పాటను ఇంగ్లీషులోనికి తర్జుమా చేసి, దానికి ‘భారతదేశపు ప్రభాతగీతం’ అనే అర్థమిచ్చే పేరు పెట్టినారు. ఆ ప్రతిపై ఉన్న తేదీ 1919 ఫిబ్రవరి 28. మార్గరెట్ కజిన్స్ పాటను విని, కవితో సంప్రదించి, దానిని పాశ్చాత్యుల అయిదు గీతల స్వరలిపిలో వ్రాసినారు. ఆ కళాశాలలో అది నిత్యమూ ఉదయం పాడే పాట అయినది.

ఇక్కడ ఒక మాట. ఆ పాటకు వరుస కట్టినది మదనపల్లెలోనే అని ఆ ప్రాంతంలో గట్టి నమ్మకమున్నది. సభలలో, పత్రికలలో అట్లా చెప్పుట పరిపాటి. మేము దానిని ఈ రూపంలో అంగీకరించలేము. ఈ పాటను 1911 డిసెంబరు 27వ తేదీన కలకత్తా కాంగ్రెసు మహాసభలో పాడినారు. పాడినారంటే వరుస లేకుండా పాడినారా? మదనపల్లెలో జరిగినది వరుస పుట్టుట కాదు. వరుస కాగితంమీదికి ఎక్కుట. పుట్టుకకన్న ఇది తక్కువ గౌరవమని ఎవరైనా అనుకొంటే వారితో మేము ఏకీభవించము. నోట ఉన్న పాట కవి వెంట పోతుంది. కాగితంమీది పాట తపాలాలో పోతుంది. ఆ ఊరికి కవి మరల రాకపోయినా, బెంగాలీ ఎరుగని వాద్యగాడు ఎవడో ఎక్కడనో ఆ కాగితం ముందు పెట్టుకొని ఆ పాటను వాయించవచ్చును.

కాని ఆ కాగితంలో ఠాకూరు గొంతు లేదు. ఆయన ఏ మాటమీద నిలిచినారో, ఏ స్వరంనుండి ఏ స్వరానికి ఎట్లా జారినారో పూర్తిగా లేదు. అయిదు గీతల లిపి మెట్లను చక్కగా చూపుతుంది. మెట్టుకూ మెట్టుకూ నడుమ జారుడును చూపుట దానికి కష్టం. అది పియానో ఎదుట పుట్టి పెరిగిన లిపి. మన పాట గొంతులో పుట్టినది. ఈ ఇబ్బందిని అంతకుముందే మనవారు గుర్తించినారు. మద్రాసులో చిన్నస్వామి మొదలియారుగారు 1893లో కర్ణాటక కృతులను ఐరోపా స్వరలిపిలో అచ్చువేసినారు. ఆయన ప్రోద్బలమే కారణమై సుబ్బరామ దీక్షితులు తమ కుటుంబంలోని విద్యను గ్రంథస్థం చేయుటకు పూనుకొన్నారు. 1904లో ఎట్టయాపురంలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ వెలువడినది. అరవదేశంలో అచ్చయిన ఆ మహాగ్రంథం తెలుగు లిపిలో ఉన్నదని మన పాఠకులలో ఎందరికి తెలుసునో! స్వరాక్షరాల పైన చిన్నచిన్న గుర్తులు పెట్టి, కంపితమేదో, జారుడేదో, నొక్కు ఏదో చూపుటకు దీక్షితులు చేసిన కృషి చూస్తే మాకు ఆశ్చర్యం కలుగుతుంది. పాటను చిన్నది చేయుటలో ఏది పోకూడదో ఆయన ముందుగా నిర్ణయించుకొన్నారు. తక్కినది పోనిచ్చినారు. ఈనాటి యంత్రాలు చేసే పని కూడా సరిగా ఇదే. దీక్షితులు గురువు చెవితో నిర్ణయించినారు, యంత్రం లెక్కతో నిర్ణయిస్తుంది, అంతే భేదం.

మరల మన పాట దగ్గరకు వద్దాము. ఠాకూరు వ్రాసినవి అయిదు చరణాలు. 1950 జనవరి 24వ తేదీన రాజ్యాంగసభ జాతీయగీతంగా స్వీకరించినది మొదటి చరణం మాత్రమే. దానిని పాడుటకు పట్టే కాలం సుమారు 52 సెకండ్లు. కొన్ని సందర్భాలలో మొదటి చివరి పాదాలు మాత్రం వాయించే సంక్షిప్తరూపం కూడా ఉన్నది, అది సుమారు 20 సెకండ్లు. అంతకుముందు 1947లో న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి సభ జరిగినప్పుడు మన ప్రతినిధివర్గాన్ని జాతీయగీతం ఇమ్మని అడిగితే, వారివద్ద ఉన్న ఒక గ్రామఫోను రికార్డును అక్కడి వాద్యబృందానికి ఇచ్చినారు. బృందంవారు దానిని విని, అభ్యసించి, సభలో వాయించినారు. ఈ సంగతిని నెహ్రూగారు 1948 ఆగష్టులో చట్టసభలో స్వయంగా చెప్పినారు. ఒక దేశపు గీతం సముద్రాలు దాటి పరాయి వాద్యగాండ్ర చేతికి పోయినప్పుడు దాని వాహనం ఆ చిన్న నల్లని పళ్లెం!

ఆ పళ్లెం కథ కూడ కొంత చెప్పవలెను. 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్‌జాన్ అనే విఖ్యాత గాయని గ్రామఫోను కంపెనీవారికోసం పాడినది. రాత్రంతా ఒక రాగాన్ని పెంచగల విద్వాంసురాలికి ఆ యంత్రం ఇచ్చిన వ్యవధి మూడు నిమిషాలు. పాట చివర ఆమె తన పేరు తానే ఇంగ్లీషులో గట్టిగా చెప్పినది. అచ్చువేయుటకు ఆ ముద్రలు జర్మనీకి పోవలసి ఉండెను. అక్కడి పనివారికి ఏ పళ్లెం ఎవరిదో తెలియవలెను గదా. ఆ మూడు నిమిషాలలో ఆలాపన ఎంత, సాహిత్యమెంత, తానమెంత అని ముందుగా తూచుకొనే నేర్పు ఆనాటి విద్వాంసులకు క్రొత్తగా వచ్చినది. మన నాటకాల పద్యగాయకులకు ఇది ఇంకను కష్టమైనది. పద్యం ముగిసిన తరువాత ప్రేక్షకులు ‘వన్స్‌మోర్’ అనేదాకా రాగం తీయుట అలవాటైన గొంతును, ఎర్రదీపం ఆరేలోగా ముగించుమంటే ఎట్లా? కొందరు ఆ ఇరుకులో నలిగిపోయినారు. కొందరికి ఆ ఇరుకే వన్నె తెచ్చినది. మా ఆకాశవాణి వృత్తిలో కూడ గడియారమే మొదటి సంపాదకుడు కనుక, ఆ విద్వాంసుల అవస్థ మాకు బాగా అర్థమవుతుంది.

మూడు నిమిషాల పళ్లెంలో ఎప్పటికీ పట్టని కళలు కొన్ని ఉన్నవి. పాత చిత్తూరు జిల్లాలో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్లవద్ద జరిగే భారత మహోత్సవాలు అట్టివి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. పద్ధెనిమిది దినాలపాటు పద్ధెనిమిది పర్వాల కథ సాగుతుంది. చివరిదినం మట్టితో చేసిన దుర్యోధనుని మహాకాయం ముందు భీముడు తొడ చరుస్తాడు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలోని పెద్దలకు భారతకథ తెలిసినది చాలావరకు ఇట్లా విని చూచి తెలిసినదే. హరిదాసు చేతి చిడతలు, కాలిగజ్జెలు, మధ్యమధ్య పిట్టకథ, ముందు కూర్చున్న ముసలమ్మతో ఒక చమత్కారం, ఇవన్నీ కలిస్తేనే ఆ కళ. గ్రామఫోనులో ఇమిడితే ఏ పద్యమో ఒకటి ఇముడుతుంది. కథ ఇమడదు.

దీనికి మొదటి పరిష్కారం క్యాసెట్టు. 1963లో ఫిలిప్స్ కంపెనీవారు దానిని వెలువరించినారు. రేడియో స్టూడియోలలో మేము వాడిన పెద్ద టేపు సెకండుకు 19 సెంటీమీటర్లో 38 సెంటీమీటర్లో పరుగెత్తేది. క్యాసెట్టులోని టేపు సెకండుకు 5 సెంటీమీటర్లయినా నడవదు. వెడల్పు కూడ తక్కువ. అంత ఇరుకైన నడవలో శబ్దం నడవవలసి వచ్చినది కనుక ‘స్’ మనే రొద దాని వెంట తప్పలేదు. ఐనప్పటికీ ఒక ప్రక్క నలుబదియైదు నిమిషాలు నిడివి దొరికినది. మొదటిసారిగా హరికథ ఒకటి పూర్తిగా ఒక ఇంటి గూటిలోనికి వచ్చి కూర్చున్నది. 1979లో సోనీవారి వాక్‌మన్‌తో అది నడుముకు కూడ వ్రేలాడినది. అయితే క్యాసెట్టునుండి క్యాసెట్టు తీసినప్పుడల్లా రొద పెరిగేది. మామగారి ఇంటినుండి తెచ్చిన దానికి నకలు తీసి, ఆ నకలును పొరుగువారికిచ్చి, వారు తీసిన నకలును ఇంకొకరికిచ్చి, ఇట్లా నాలుగు చేతులు మారేసరికి హరిదాసు జడివానలో నిలబడి కథ చెప్పుతున్నట్లు వినిపించేవాడు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవలెను. ముందు మరల దీనితో పని ఉన్నది.

1982లో వచ్చిన సీడీ ఈ రొదను తొలగించినది. అది శబ్దాన్ని అంకెలుగా మార్చి దాచుతుంది. సెకండుకు 44,100 మార్లు శబ్దతరంగపు ఎత్తును కొలిచి వ్రాస్తుంది. కుడి చెవికి వేరు, ఎడమ చెవికి వేరు. ఒక్కొక్క కొలతకు 16 అంకెలు, సున్నలో ఒకట్లో. వెరసి సెకండుకు 14,11,200 అంకెలు. వీనినే బిట్లంటారు. అయిదు నిమిషాల పాట సుమారు 53 మెగాబైట్లవుతుంది. అంకెలకు తరుగు లేదు. నకలు కూడ అసలే. కాని ఈ అంకెల మూటను మోయుట ఎట్లా? టెలిఫోను తీగెమీద సెకండుకు 56,000 బిట్లు పోయే కాలంలో, తీగె పూర్తి వేగంతో పనిచేసినా, ఆ ఒక్క పాట ఒక ఊరినుండి మరొక ఊరికి చేరుటకు రెండు గంటలకు పైగా పట్టేది. అంతసేపట్లో పాటగాడే బస్సెక్కి వచ్చి పాడి పోవచ్చును!

ఇదే చిక్కును విప్పుటకు జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఫ్రౌన్‌హోఫర్ సంస్థ శాస్త్రజ్ఞులు 1980ల నుండి కృషి చేసినారు. వారిలో ముఖ్యుడు కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్. వారి ఆలోచన యంత్రాన్నిగూర్చి కాదు, చెవినిగూర్చి. కుప్పంలో గంగమ్మ జాతర జరుగుతున్నప్పుడు డప్పులు మీదికి వచ్చినవేళ ప్రక్కవాడు చెవిలో చెప్పిన మాట మనకు వినబడదు. మాట లేకపోలేదు. డప్పు దానిని కప్పినది. పాటలో కూడ ప్రతిక్షణం ఒక పెద్ద ధ్వని తన దాపున ఉన్న చిన్న ధ్వనులను కప్పుతూనే ఉంటుంది. వినబడని దానిని వ్రాయుట ఎందుకు? దానికి ఖర్చుచేసే అంకెలను మానుకొంటే మూట తేలికవుతుంది గదా. ఇదీ వారి సిద్ధాంతం. పాటను సెకండులో నలుబదో వంతు కంటె కొంచెం పెద్ద తునకలుగా కోసి, ఒక్కొక్క తునకలో ఏ ధ్వని దేనిని కప్పుతున్నదో లెక్కకట్టి, కప్పబడినవానిని మోటుగానో, అసలు లేకుండగానో వ్రాస్తారు. ఈ విధంగా సెకండుకు 14 లక్షల బిట్ల పాట 1,28,000 బిట్లకు దిగుతుంది. అంటే పదకొండింట ఒకవంతు. 53 మెగాబైట్ల పాట 5 మెగాబైట్లకు లోపే. తీగెమీద రెండు గంటల ప్రయాణం పన్నెండు నిమిషాలలోపు ముగుస్తుంది. 1995 జులై 14వ తేదీన ఆ ఫైళ్లకు ‘ఎంపీత్రీ’ అనే తోకపేరు నిర్ణయించినారు. ఆ పేరే లోకంలో నిలిచినది.

వారు తమ పద్ధతిని పరీక్షించుటకు ఎన్నుకొన్న పాటలలో ఒకటి అమెరికా గాయని సుజాన్ వేగా ఏ వాద్యమూ లేకుండా ఒంటిగా పాడినది. గొప్ప వాద్యబృందాలు సులభంగా చిన్నవైనవి. ఈ ఒంటిగొంతు మాత్రం మొదట్లో వినజాలనంత వికారంగా వచ్చినదట. కారణం ఊహించవచ్చును. వాద్యాల సందడి తప్పులను కప్పుతుంది. ఒంటిగొంతుకు మరుగేది? మదనపల్లెలో ఠాకూరు కూర్చుని పాడిన పాట, పొలంలో నాట్లువేస్తూ ఒక స్త్రీ ఎత్తుకొనే పాట, ఇట్టివే యంత్రానికి పరీక్ష. రెండవ పరీక్ష స్పెయిను దేశపు నర్తకులు వ్రేళ్లకు కట్టుకొని తాటించే చెక్క తాళాలు. తక్కువ బిట్లతో వీనిని వ్రాసినప్పుడు దెబ్బ పడకముందే ఒక మసక రొద వినబడుతుంది. తునక మొత్తానికి ఒకే లెక్క కట్టినందువలన దెబ్బ వెనుక రావలసిన తప్పు దెబ్బకు ముందుకు కూడ వ్యాపిస్తుంది. ఈ చెక్క తాళాలకు మన హరిదాసు చిడతలు ఏమవుతవో వేరే చెప్పనక్కరలేదు. సినిమాపాటకు చాలినంత కొలత చిడతల పాటకు చాలదు. 64,000 బిట్లకు దించిన ఏ హరికథనైనా మంచి హెడ్‌ఫోను పెట్టుకొని వినండి. చిడత టక్కుమనుటకు బదులు తుస్సుమంటుంది.

ఇక కుప్పం సంగతి. ఆంధ్ర, తమిళ, కన్నడ సీమలు ముట్టుకొనే మూలన ఉన్న ఈ ఊరికి మూడు భాషల పాటలూ వినబడుతూ వచ్చినవి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని ఇక్కడ నెలకొల్పుటకు ఆ భాషాసంగమమే కారణం. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీవారు రాష్ట్రప్రభుత్వంతో కూడి ఇక్కడ ఒక ప్రయోగం ప్రారంభించినారు. పల్లెలలో కంప్యూటరు కేంద్రాలు పెట్టినారు. స్వయంసహాయక సంఘాల స్త్రీలకు డిజిటలు కెమెరా, చిన్న ముద్రణయంత్రం, సూర్యరశ్మితో విద్యుత్తు పుట్టించే పలక ఇచ్చి, ఊరూరా తిరిగి ఛాయాచిత్రాలు తీసి ఇచ్చే వృత్తి నేర్పినారు. మూడేండ్ల పథకం అది. దాని లాభనష్టాలు వేరొక ప్రసంగానికి తగిన విషయం. మేము ఇక్కడ దానిని ఎత్తుకొన్నది ఒక్క కారణంవలన. ఛాయాచిత్రమైనా పాటయైనా అంకెలుగా మారి, చిన్నదై, బుట్టలో మోసుకొనిపోగల వస్తువయినదని ఆ పల్లెలు పట్టణాలతోపాటుగానే తెలుసుకొన్నవి. కెమెరాలు వ్రాసే చిత్రాలు కూడ కన్ను పట్టించుకోని వివరాలను వదలివేసి చిన్నవైనవే.

1998లో అమ్మకానికి వచ్చిన మొదటి ఎంపీత్రీ పెట్టెలలో 32 మెగాబైట్ల చోటు మాత్రమే ఉండేది. అరగంట పాటలు. 2001 అక్టోబరులో ఆపిల్ కంపెనీవారి ఐపాడ్ వేయిపాటలని చాటుకొంటూ వచ్చినది. మన ఊళ్లకు వచ్చినది ఈ రెండూ కావు. చవుక మీటల ఫోను, అందులో మెమరీకార్డు. కార్డు చిన్నది, కోరికలు పెద్దవి. అక్కడే అంగడివాని కత్తెర పనిలోనికి వచ్చినది. అప్పటికే 1,28,000 బిట్లకు తగ్గిన పాటను అతడు మరల 64,000కు తగ్గించేవాడు. అది మరొక అంగడికి పోయి, అక్కడ వేరొక రకపు ఫైలుగా మారి, మరల ఎంపీత్రీ అయ్యేది.

ఇందాక గుర్తుంచుకొమ్మన్న క్యాసెట్టు నకళ్ల కథ ఇదే, వేషం మార్చుకొని వచ్చినది. అంకెలకు తరుగు లేదన్నది నిజం. కాని మార్పుకు తరుగున్నది. ఉన్న ఫైలును ఉన్నట్లే నకలు తీస్తే వెయ్యి చేతులు మారినా చెక్కు చెదరదు. దానిని విప్పి మరల చిన్నది చేస్తే ప్రతిసారీ యంత్రం మరల తీర్పు చెప్పుతుంది, మరల కొంత పారవేస్తుంది. మొదటిసారి పారవేసినదేదో రెండవసారి యంత్రానికి తెలియదు. 64,000నుండి మరల 1,28,000కు పెంచితే పోయినది వస్తుందని నమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. మజ్జిగకు నీళ్లు కలిపి, ఆ నీళ్లమజ్జిగను పెద్దకుండలో పోసినంతమాత్రాన పెరుగు కాదు.

తగ్గించి కూడ ఏమీ పోగొట్టుకోని మార్గం లేదా అంటే, ఉన్నది. పుంగనూరు పేరు చెప్పగానే మనకు జ్ఞాపకం వచ్చేది అక్కడి పొట్టి ఆవు. లోకంలోని మూపురపు పశువులలో అతిచిన్న జాతులలో ఒకటి. మూడడుగుల ఎత్తుకూడ ఉండదు. మేత స్వల్పం. కాని దాని పాలలో వెన్నశాతం మాత్రం పెద్దజాతుల పాలకన్న అధికమని ప్రసిద్ధి. పాటలలో కూడ ఇట్టి పుంగనూరు జాతి ఒకటి ఉన్నది. 2001లో వెలువడిన ‘ఫ్లాక్’ అనే పద్ధతి పాటలోని ఒక్క అంకెనైనా పారవేయదు. మరలమరల వచ్చే అంకెలను పొందికగా మడతపెట్టి వ్రాస్తుంది. విప్పితే అసలు అసలుగా వస్తుంది. ఐతే ఇది పదకొండోవంతుకు దిగదు. సుమారు సగానికో, కొంచెం ఎక్కువకో దిగి ఆగిపోతుంది. పొట్టి ఆవయినా ఆవే గాని కుందేలు కాదు.

ఇదంతా చరిత్రగా మాత్రమే చెప్పుటలేదు. పాత చిత్తూరు జిల్లా ఇండ్లలో అటకలమీద ఇప్పటికీ క్యాసెట్లున్నవి. తాత చెప్పిన హరికథ, ఊరి భారతంలో పెదనాన్న వేసిన ద్రౌపది వేషం, పెండ్లిలో అవ్వలు పాడిన అప్పగింతల పాటలు వానిలో ఉన్నవి. ఏ కంపెనీవారూ అచ్చువేయని పాటలవి. వేరొక ప్రతి లేదు. అంగడిలో ఇచ్చి ‘ఫోనులోకి ఎక్కించుము’ అంటే, అతడు అలవాటుచొప్పున నేరుగా చిన్న ఎంపీత్రీ చేసి ఇస్తాడు. ఇంటివారు పని అయినదని క్యాసెట్టును పాతసామాన్లవానికి వేస్తారు. ఆ క్షణంతో తాత చిడతల అసలు మ్రోత లోకంలో లేదు. అంగడివానిని తప్పుపట్టుటకు లేదు. అతడు అడిగినది చేసినాడు. మొదట పూర్తి కొలతతో ఒక ప్రతి చేయుమని, దానిని భద్రపరచి దానినుండి ఫోనుకు వేరే చిన్న ప్రతి తీయుమని అతనితో చెప్పవలసినది ఇంటివారే. క్యాసెట్టును కూడ వెంటనే పారవేయవద్దు. దుమ్ము, ఎండ, అయస్కాంతం సోకని చోట నిలువుగా పెట్టి ఉంచవలెను. టేపు అతుక్కొనిపోయి ఉంటే బలవంతంగా లాగకుండ తెలిసినవారికి చూపించవలెను. చిన్న ప్రతికి కూడ మాటలు మాత్రమే ఉన్న చోట 64,000 చాలునుగాని, గొంతెత్తి పాడినచోట, చిడతలు మ్రోగినచోట 1,92,000కు తగ్గకుండుట మేలు.

ఖర్చు ఎంతవుతుందో అని వెనుకాడేవారికొక లెక్క చెప్పుతాము. పద్ధెనిమిది దినాల భారతంలో దినానికి నాలుగు గంటలు హరికథ అనుకొందాము. మొత్తం 72 గంటలు. 64,000 బిట్లకు కుదిస్తే అది 2 గిగాబైట్లు. పదిహేనేండ్ల క్రిందట జేబులో ఉండిన కార్డుకు అది సరిగా చాలు, అందుకే అట్లా కుదించినారు. ఏమీ కుదించకుండ సీడీ కొలతతో యథాతథంగా దాచితే 46 గిగాబైట్లవుతుంది. ఈనాడు అదే బజారులో, అదే గోరంత బిళ్ల, 64 గిగాబైట్లది దొరుకుతున్నది.